పొటాషియానికి బదులు

నమోదు 1

నింపువారు: సత్యవేణి, రసాయన శాస్త్రం, ఇంటర్ రెండో సంవత్సరం. స్థలం: కొత్త కోరంగి, కాలిస్టో ఉపగ్రహం, మంచు అడుగున. విద్యార్థులు ఏడుగురు, బోర్డు ఒకటి, సుద్దముక్కలు దొరికిన రోజున దొరికినన్ని.

ఉపాధ్యాయులు ఈ దినచర్యను విధిగా నింపాలనీ, నింపినదాన్ని ఎవరూ చదవరనీ హెడ్మాస్టరు విస్సన్న గారు ఒకే ఊపిరిలో సెలవిచ్చారు. చదివేవాళ్లు లేరని తేలింది కనుక నిజాలే రాద్దామని నిశ్చయించుకున్నాను.

నేటి పాఠం: ఆవర్తన పట్టిక. అడ్డంగా నడిస్తే పీరియడ్లు, నిలువునా దిగితే గ్రూపులు. అడ్డంగా నడిచేకొద్దీ తత్వం మారిపోతుందని చెప్పాను. ఎడమ చివరన క్షార లోహాలు, బయటి కర్పరంలో ఉన్న ఒక్క ఎలక్ట్రానూ ఎవరికో ఒకరికి ఇచ్చేస్తే తప్ప నిద్రపట్టని దాతలు. కుడివైపున హాలోజన్లు, ఒక్క ఎలక్ట్రాను తక్కువై కనిపించినవాళ్ల దగ్గరల్లా లాక్కునే రకం. ఆ చివరన కడుపు నిండి ఎవరి జోలికీ పోని జడవాయువులు; వీరు మా హెడ్మాస్టరు గారికి దగ్గరి బంధువులని నా అనుమానం. నిలువునా దిగితే మాత్రం కుటుంబ పోలికలు. బయటి కర్పరంలో ఎలక్ట్రాన్ల లెక్క ఒకటే కాబట్టి గుణాలు పోలి ఉంటాయి.

పోలి ఉంటాయి అన్నానో లేదో, ఏడుగురూ లేచి నిలబడి గైడులోని వాక్యం అప్పజెప్పారు. "ఒకే గ్రూపులోని మూలకములు సమానములు. కావున పైదానికి బదులుగా కిందిది వాడవచ్చును. రెండు మార్కులు."

చివరి రెండు మాటలు కూడా జవాబులో భాగమేనని వాళ్ల నమ్మకం.

నమోదు 4

పెద్దకొట్టు గారి దగ్గర, రోజూ నీళ్లలో కలుపుకుని తాగే ఉప్పు పొట్లాల క్యూ. మావాళ్లు గోదావరి మర్యాదను గ్రహాలు దాటించి తెచ్చారు. యంత్రాన్ని కూడా గారు అనే పిలుస్తారు.

ఊరికి కావలసిన మూలకాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి, గాలి లేని సొరంగంలో, ఇనుప చేతుల వెనకాల. తొలి తరం పెద్దలు సరుకుల కోసం తలలు పగలగొట్టుకున్నాక, తాళంచెవి ఏ పెద్దమనిషి చేతిలోనూ ఉండకూడదని తీర్మానించారు. యంత్రం మనిషిని మించిపోతుందేమోనని ఇంకో భయం. రెండు భయాలూ కలిపి ఒక ఆచారం చేశారు. ఇంటర్ చివరి పరీక్షలో పిల్లలు ఎక్కువమంది ఏది రాస్తే, ఆ ఏడాదికి కొట్టు గారి జ్ఞానం అదే. అదే శాసనం. "పిల్లలకు తెలియనిది యంత్రానికి తెలియరాదు" అని గుమ్మం మీద చెక్కించారు కూడా. నలభై ఏళ్లుగా పిల్లలు గైడు చదువుతున్నారు. ఆ లెక్కన కొట్టు గారూ గైడే చదువుకున్నారు.

పొట్లం మీద పెద్దక్షరాలతో పొటాషియం అని, దాని కింద సమానము అని ఉంటుంది. అసలు పొటాషియం తగ్గిపోతోందని కొట్టు గారు మిగిలినదాన్ని లోపల భద్రపరచి, మూడేళ్లుగా ఒక మెట్టు కిందిదైన రుబీడియం ఇస్తున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఈవేళ పొట్లం తిప్పి చూస్తే అడుగున సీజియం అని ఉంది. అంటే రుబీడియం అయిపోయిందన్నమాట. సీజియానికి కొదవ లేదు. తాతలు వచ్చిన ఓడ ఇంజిన్లలో వాడగా మిగిలినవి పీపాలకు పీపాలున్నాయి.

నా వెనకాల నిలబడ్డావిడకి చూపించాను. సమానమేగా తల్లీ, జరుగు, అంది.

మా అన్నయ్య బుల్లబ్బాయి మంచు గనిలో పనిచేస్తాడు. ఇంట్లో మేమిద్దరమే. పేరుకు బుల్లి గానీ ఈ ఊరి గుమ్మాల్లో పక్కకు తిరిగితే తప్ప పట్టడు. బరువు సూటులో చెమటోడ్చి వస్తాడు కాబట్టి అందరూ ఒక పొట్లం కలుపుకుని తాగితే తను నాలుగు తాగుతాడు. ఈవేళా తాగాడు. రుచి ఎలా ఉందంటే, జీతంలాగే ఉంది, తెలియట్లేదు, అన్నాడు.

నమోదు 9

నేటి పాఠం: గ్రూపులో కిందికి దిగితే ఏం జరుగుతుంది. గైడులో ఈ పాఠం లేదు.

ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా ఒక కర్పరం పెరుగుతుంది. పొటాషియానికి నాలుగు, రుబీడియానికి అయిదు, సీజియానికి ఆరు. పరమాణువు లావెక్కుతుంది. బయటి ఎలక్ట్రాను కేంద్రకానికి దూరమై, పట్టు సడలి, ఇట్టే ఊడొస్తుంది; దీన్నే అయనీకరణ శక్తి తగ్గడం అంటారు. కాబట్టి పోలిక ఉంటుంది, కొలత మాత్రం మారుతుంది.

ప్రయోగశాలలోని పాత సీసా అడుగున గోరుతో గీకిన అసలు పొటాషియం లవణాన్ని తీగకు అంటించి మంటలో పెట్టాను. లేత ఊదా వెలుగు వచ్చింది. తర్వాత మా పొట్లంలోది పెట్టాను. నీలం వచ్చింది. క్లాసు టాపరు మంగతాయారు నెమ్మదిగా అడిగింది, సమానమైతే మంట కూడా ఒకేలా ఉండాలి కదా మేడం అని. చివరి బెంచీ పేర్రాజు, అలా అయితే మేము తాగుతున్నదేంటండి అన్నాడు.

చెప్పాను. మన కండరాల్లో, గుండెలో పొటాషియం వచ్చిపోయే గుమ్మాలుంటాయి, దాని ఒంటికొలతకి కట్టినవి. రుబీడియం కాస్త ముడుచుకుని దూరిపోతుంది. సీజియం గుమ్మంలో ఇరుక్కుంటుంది. తను వెళ్లదు, వెనకవాళ్లని వెళ్లనివ్వదు.

మా అన్నయ్యను తలుచుకుని చెప్పాను గానీ, నవ్వు రాలేదు.

నమోదు 15

అన్నయ్య గనిలో పడిపోయాడు. బరువు సూటుతో సహా మోసుకురావడానికి నలుగురు కావలసి వచ్చింది. వాళ్లలో ఒకాయన నడుం పట్టేసి పక్క మంచంలో చేరాడు.

డాక్టరు సోమిదేవమ్మ గారు గుండె గీతలు చూపించారు. ఒక్కో దెబ్బ సాగిపోతోంది, ఎక్కడో ఒకచోట తెగుతుంది అన్నారు. పొటాషియం అని చీటీ రాశారు. కొట్టు గారు వెంటనే పంపారు: పొటాషియం, సమానము. అడుగున సీజియం. డాక్టరు గారు పళ్లు బిగించి "సీజియం కాని పొటాషియం" అని ఇంకో చీటీ రాశారు. కొట్టు గారు చిత్తశుద్ధితో ఇంకో మెట్టు కిందికి దిగి, ఫ్రాన్సియం కోసం వెతికి, నిల్వ లేదని జవాబు పంపారు. లేనందుకు ఇద్దరం దండం పెట్టుకున్నాం. పుట్టిన నిమిషాల్లో రేడియోధార్మికత చిమ్ముతూ విచ్చిపోయే మూలకం అది.

పొట్లాలు మానేయించమన్నాను. సోమిదేవమ్మ గారు నావైపు జాలిగా చూశారు. కూరగాయలు పెరిగే నీళ్లలోనూ అదే ఉప్పు కదా. మానేసినా ఒంట్లోకి అసలు పొటాషియం వచ్చే దారి లేదు. తాగితే ఒక రకం, మానితే ఇంకో రకం అన్నారు.

అన్నయ్యకు తెలివొచ్చింది.

"ఏమే వేణీ, మీ పట్టికలో నేనెక్కడుంటానే?"

"అడుగు వరసలో. బరువెక్కువ, నిలకడ తక్కువ."

నవ్వబోయి, మధ్యలో ఆగి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఇక నుంచి జోకులు కూడా మోతాదు చూసి వెయ్యాలి.

నమోదు 16

విస్సన్న గారి గదికి వెళ్లాను. పరీక్ష ముందుకు జరపమన్నాను. తేదీ కొట్టు గారు పెట్టుకున్నది, ఎవరూ జరపలేరన్నారు. అయితే పరీక్షలో పిల్లలు సరైన జవాబు రాస్తే శాసనం మారుతుంది, లోపల దాచిన పొటాషియం బయటికొస్తుంది, అన్నయ్య అప్పటిదాకా ఓపిక పడితే చాలు అన్నాను. చాలా ఉత్సాహంగా అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పేపర్లు దిద్దేదెవరమ్మాయ్?"

కొట్టు గారే. పాత జ్ఞానంతో దిద్ది, ఆ తర్వాతే కొత్తది నేర్చుకుంటారు. అంటే సరైన జవాబు రాసినవాళ్లకి సున్నా. ఆ ప్రశ్న తప్పనిసరి. అందులో సున్నా వస్తే పరీక్ష మొత్తం తప్పినట్టే. ఏడాది మళ్లీ చదవాలి, ఆ ఏడాది పనిలో చోటూ పోతుంది.

"ఏడుగురిలో ఆధిక్యం రావాలంటే నలుగురు పిల్లల్ని ఫెయిలవమని అడుగుతున్నావు," అన్నారు. "నువ్వడగొద్దని నేను అనట్లేదు. ఏం అడుగుతున్నావో తెలుసుకుని అడుగు."

జడవాయువుల గురించి మొదటి రోజు రాసింది చెరిపేయాలనుకున్నాను. సిరా చెరగట్లేదు.

నమోదు 22

చెట్టు బూడిదలో పొటాషియం ఉంటుంది. ఇక్కడి మొక్కలన్నీ మూడేళ్లుగా రుబీడియం తాగి పెరిగినవి. భూమి మీద పెరిగిన చెట్టు కావాలి.

ఊరంతటికీ అలాంటి కలప ఒకే ఒక్కచోట ఉంది: హెడ్మాస్టరు గారి కుర్చీ. తొలి ఓడలో వచ్చిన టేకు కుర్చీ. నేను అడగలేదు. విషయం పిల్లలు చెప్పారట. పొద్దున వెళ్లేసరికి ఆయన కుర్చీని గాజు కొలిమి దగ్గరికి తనే మోసుకొచ్చి, చొక్కా చేతులు మడుచుకుని నిలబడి ఉన్నారు.

కాల్చాం. బూడిదను నీళ్లలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, ఆ నీటిని మరగబెట్టాం. గిన్నె అడుగున తెల్లగా పొర కట్టింది. పేర్రాజు మంట పెట్టి చూస్తే లేత ఊదా రంగు. అందరూ చప్పట్లు కొట్టారు. సోమిదేవమ్మ గారు దాని క్షారాన్ని నిమ్మరసంతో విరిచి మోతాదులు కట్టారు. పరీక్షదాకా లాగొచ్చు, ఆ పైన లాగలేం అన్నారు.

విస్సన్న గారు ఇప్పుడు నిలబడే సంతకాలు పెడుతున్నారు.

నమోదు 27

తరగతిలో అడిగేశాను. తలుపు వేసి, బోర్డుకేసి తిరిగి అడిగాను. వాళ్ల మొహాలు చూస్తూ అడగడం నాకు చేతకాలేదు.

ముందుగా పేర్రాజు లేచి, నేను ఎలాగూ ఫెయిలయ్యేవాణ్ణే కదండి, ఈసారి గౌరవంగా ఫెయిలవుతాను అన్నాడు. ఆ మాటతో బిగువు సడలింది. ఒకరి తర్వాత ఒకరు ఆరుగురు ఒప్పుకున్నారు.

మంగతాయారు కూర్చునే ఉంది.

"నేను రాయలేనండి మేడం. మా అమ్మ చేతులు పనికి రాకుండా పోయాయి. ఈ ఏడు నాకు పని రాకపోతే ఇంట్లో రేషను సగం కోసేస్తారు. మీ అన్నయ్య గారికి బాగవ్వాలనే ఉందండి."

బలవంతం చేయలేదు. చేసుంటే ఆ పిల్ల రాసేసి ఉండేది. ఆ సంగతి తెలిసే చేయలేదు.

ఆరుగురు చాలు. ఏమని రాయాలో ఒక వాక్యం ఇచ్చేయండి మేడం, బట్టీ పడతాం అని పేర్రాజు అడిగాడు. అప్పుడు నేను ఉపన్యాసం ఇచ్చాను. బట్టీ పట్టిన ఒక వాక్యమే మనల్ని ఇక్కడిదాకా తెచ్చిందనీ, దాని స్థానంలో ఇంకో బట్టీ వాక్యం పెడితే మనకీ గైడుకీ తేడా ఏమిటనీ, అర్థం చేసుకుని ఎవరి మాటల్లో వాళ్లు రాయాలనీ ఉద్బోధించాను. ఉపన్యాసం చాలా బాగా వచ్చింది. నాకే కళ్లు చెమర్చాయి.

నమోదు 33

పరీక్ష జరిగింది. ఏడుగురూ రాశారు. బూడిద ఉప్పు నిన్నటితో అయిపోయింది. ఇంట్లో అన్నయ్య గోడకు ఆనుకుని కూర్చుని, ఫలితాలు వచ్చేదాకా ఊపిరి పొదుపుగా వాడుతున్నానని చెప్పాడు.

నమోదు 34

ఫలితం కొట్టు గారి గుమ్మం మీది పలకలో వచ్చింది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

"జవాబులు ఏడు. ఒకేలా ఉన్నవి రెండు. ఒంటరివి ఐదు. రెండింటిది ఆధిక్యం. శాసనం యథాతథం."

మళ్లీ చదివాను. పక్కనే విస్సన్న గారూ చదివారు. నలభై ఏళ్లలో పిల్లలు ఎప్పుడూ రెండు రకాలుగా రాయలేదు. కాబట్టి కొట్టు గారు జవాబులు ఎలా లెక్కపెడతారో తెలుసుకునే అవసరం ఎవరికీ రాలేదు. ఆయన అర్థం చూడరు. అక్షరం పక్కన అక్షరం పెట్టి, అచ్చంగా కలిసినవి ఎన్నో లెక్కపెడతారు.

ఆ ఐదు ఒంటరి జవాబులు పేపర్లు తిరిగొచ్చాక చదివాను. ఒకరు రాశారు: నాలుగు కర్పరాలకు కట్టిన గుమ్మంలో ఆరు కర్పరాలు పట్టవు. ఇంకొకరు: పోలిక వేరు, సమానం వేరు, మంట రంగు చూస్తే తెలుస్తుంది. ఇంకొకరు: చుట్టాలే కావచ్చు, ఒకరి బదులు ఒకరు పెళ్లిపీటల మీద కూర్చోరు. నాలుగో పేపర్లో పరమాణు పరిమాణం, అయనీకరణ శక్తి, బొమ్మతో సహా ఉన్నాయి. ఐదో పేపర్లో ఒకటే ముక్క: సీజియం మంచిదే, మనమే దానికి చాలం. నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఇంత మంచి జవాబులు చూడలేదు. ఐదింటికీ సున్నాలు.

ఒకేలా ఉన్న రెండిట్లో ఒకటి మంగతాయారుది, ముందే చెప్పింది. రెండోది పేర్రాజుది. కామా దగ్గర్నుంచి కొట్టివేత దాకా, పరీక్షలో తన ముందు బెంచీలో కూర్చున్న ఆమె రాసింది రాసినట్టు.

సాయంత్రం తనే మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"నాకు అర్థమైందండి మేడం. మంట నేనే పెట్టాను కదండి. పెన్ను పట్టుకునేసరికి ఏ మాటలు రాయాలో తెలియలేదండి. సొంతమాటలన్నారు. నాకు సొంతంగా మాటలెక్కడున్నాయండి? ముందు బెంచీ పేపరు కనపడింది."

తిట్టడానికి నోరు తెరిచాను. నాకూ మాటలు దొరకలేదు. లోపలినుంచి అన్నయ్య, అబ్బాయిని కూర్చోబెట్టి మంచినీళ్లివ్వవే అన్నాడు. మంచినీళ్లలోనూ కొంచెం సీజియం ఉంటుంది. ఇచ్చాను. తాగాడు.

నమోదు 36

సోమిదేవమ్మ గారు అన్నయ్యను ఒంటరిగా వదలొద్దన్నారు. పరీక్ష మళ్లీ ఏడాదికి. ఏడాది సంగతి అడిగితే ఆవిడ, ఈ వారం సంగతి అడుగమ్మా అన్నారు. అందుకని మంచాన్ని తరగతి గదిలోకి తెప్పించి, కిటికీ లేనివైపు వేశాం. కిటికీ ఎటువైపూ లేదు. రాయడానికి బాగుందని రాశాను.

తప్పిన ఐదుగురూ వచ్చారు. ఒక్కరూ నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. మంగతాయారు పనిలో చేరిందట. కొట్టు గారి పొట్లాలు కట్టే విభాగంలో. పేర్రాజు పాసై కూడా వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. ఈసారి నీది లెక్కకు రాదుగా అంటే, తెలుసండి అన్నాడు.

నేటి పాఠం: ఒక వాక్యం.

బోర్డు మీద రాశాను. "ఒకే గ్రూపులోని మూలకములు పోలి ఉండును గాని సమానములు కావు. కావున మనిషి ఒంటికి పొటాషియానికి బదులుగా పొటాషియమే వాడవలెను." గైడు భాషలోనే రాశాను. నోటికి పట్టేది ఆ భాషే.

పెళ్లిపీటల జవాబు రాసిన పిల్ల చెయ్యెత్తింది.

"ఇదే రాయాలాండి? మా మాటల్లో రాయకూడదాండి?"

"వద్దమ్మా. ఇదే. కామా కూడా మార్చొద్దు."

"ఎందుకో మాకు తెలుసు కదండి."

"తెలుసు. తెలిసినట్టు ఎక్కడా కనపడకూడదు."

చెయ్యి దించేసింది. అందరూ లేచి నిలబడి మొదలుపెట్టారు. మంచం మీదనుంచి అన్నయ్య కూడా గొంతు కలిపాడు; తనకి పరీక్ష లేదు, ఊరుకోమన్నా ఊరుకోలేదు. పోలి ఉండును గాని దాకా బాగానే వచ్చాడు. అక్కడ ఊపిరి అందక ఆగాడు. పిల్లలూ ఆగారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు, బోర్డుకేసే చూస్తూ నిలబడ్డారు. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి మంచం మీదనుంచి సన్నగా, సమానములు కావు, అని వినిపించింది. అప్పుడు వాళ్లు అందుకున్నారు.